పటం ఏ గోడకు తగిలిస్తారు? గుంటూరులో ఒక ఫ్రేముల దుకాణం గురించి

గుంటూరు పట్నం బజారు దగ్గర ఒక సందులో పటాలు కట్టే పాత దుకాణం ఉంది. బోర్డు మీద దుకాణం పేరు ఎండకు వెలిసిపోయింది కానీ, దాని కింద రాసిన "ఇచ్చట పటములు కట్టబడును" అన్న వాక్యం ఇప్పటికీ చదవడానికి వీలుగానే ఉంది. యజమానిని బజారులో అందరూ భాయ్ గారు అంటారు. తెనాలి దగ్గరి మా ఊళ్ళో గ్రంథాలయానికి కొత్త గది కట్టినప్పుడు, దానికి కావలసిన ఆరు పటాలను గత వేసవిలో అక్కడే కట్టించాను. పనితనం, ధర, గడువు ఎలా ఉన్నాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను. అయితే ఆ దుకాణంలో నాకు దొరికిన సేవలో చట్రానికీ అద్దానికీ వచ్చే వాటా చిన్నది కాబట్టి, మిగిలిన దాని గురించే ఎక్కువ చెప్పవలసి ఉంటుంది.

నేను తీసుకువెళ్ళిన జాబితాలో గాంధీ, అంబేద్కర్, సావిత్రిబాయి ఫూలే, భగత్ సింగ్, గ్రంథాలయోద్యమానికి జీవితాన్ని ధారపోసిన అయ్యంకి వెంకటరమణయ్య ఉన్నారు. ఆరవది, గది కట్టించిన దాతల తాతగారి పాత ఫోటో. కొలతలు చెప్పి, అడ్వాన్సు చేతిలో పెట్టి, పావుగంటలో బయటపడవచ్చనుకున్నాను. భాయ్ గారు జాబితా చదివి, కొలత టేపు పక్కన పెట్టి, "మాస్టారూ, ఇవి ఏ గోడకు తగిలిస్తారు? ఎవరి పక్కన ఎవరుంటారు? వాటి ఎదురుగా ఎవరు కూర్చుంటారు?" అని అడిగారు. గోడకు చెమ్మ ఉందా, కిటికీ వెలుతురు ఎటు నుంచి పడుతుంది అన్నది తెలుసుకోవడానికి అడుగుతున్నారని మొదట అనుకున్నాను. అదీ ఉంది. కానీ ఆయన మాటల్లోనే చెప్పాలంటే, "ఇంట్లో గోడ మీద ఉంటే తాతగారు, పంచాయతీ ఆఫీసు గోడ మీద ఉంటే ప్రెసిడెంటు గారు, ఫోటో ఒకటే అయినా చూసేవాళ్ళకు మనిషి ఒకడు కాదండీ."

ఈ జ్ఞానం ఆయనకు పుస్తకాల వల్ల వచ్చినది కాదు, నలభై ఏళ్ళుగా ఒకే ముఖాన్ని వేర్వేరు ఇళ్ళకూ, కార్యాలయాలకూ, సంఘాలకూ కట్టి ఇవ్వడం వల్ల వచ్చినది. దానికి ఆయన చేతిలో ఉన్న అతి చిన్న ఆనవాలు, చట్రం పై అంచున బిగించే రెండు ఇత్తడి కొక్కేలు. అవి దండ వేయడానికి. మన ఇళ్ళలో "ఫోటోకు దండ పడింది" అంటే ఆ మనిషి ఇక లేరని అర్థం కనుక, ఎవరి పటమైనా సరే, ఉన్నారా పోయారా అని అడగకుండా ఆయన ఆ కొక్కేలు బిగించరు. నాయకుల పటాలకు వచ్చేసరికి ఈ లెక్క మారుతుంది. ఇంట్లో దండ దుఃఖానికి గుర్తయితే, జయంతినాడు నాయకుడి పటానికి వేసే దండ గౌరవానికి గుర్తు. ఆ దండ ఎవరు వేశారు, ఎవరిని వేయనివ్వలేదు అన్న దాని మీద ఊళ్ళు రెండుగా చీలిన సందర్భాలు మా ప్రాంతం వాళ్ళకు కొత్త కాదు. మా ఐదు పటాలకూ కొక్కేలు పెట్టించాను.

అసలు చర్చ గాంధీ, అంబేద్కర్‌ల దగ్గర మొదలైంది. మా కమిటీలో కొందరు గాంధీ మధ్యలో ఉండాలన్నారు, కొందరు అంబేద్కర్ మధ్యలో ఉండాలన్నారు, ఇద్దరినీ పక్కపక్కన పెడితే గొడవే ఉండదని మరికొందరన్నారు. కానీ 1932 పూనా ఒప్పందం గురించి తెలిసిన వాళ్ళకు ఆ ఇద్దరి పక్కపక్క కూడా ఒక రాజకీయ వాక్యమే. దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వడానికి వ్యతిరేకంగా నిరాహార దీక్ష చేసిన గాంధీ, ఆ దీక్ష ఒత్తిడి కింద వాటిని వదులుకున్న అంబేద్కర్ ఒకే వరుసలో చిరునవ్వులతో కనిపిస్తే, ఆ గోడ ఒక చరిత్రను సర్దిచెబుతున్నట్టు ఉంటుంది. పార్లమెంటు సెంట్రల్ హాలులో గాంధీ చిత్రపటం 1947 ఆగస్టులోనే చేరింది. రాజ్యాంగ ముసాయిదా రచనా సంఘానికి అధ్యక్షత వహించిన అంబేద్కర్ చిత్రపటం, ఆ రాజ్యాంగం చర్చకు వచ్చిన అదే హాలులోకి 1990 ఏప్రిల్‌లో గానీ రాలేదు. ఆయనకు భారతరత్న కూడా ఆ ఏడాదే వచ్చింది. గోడ ఖాళీగా ఉన్న నలభై మూడేళ్ళకు కూడా ఒక అర్థం ఉందని నేను నమ్ముతాను. ఇక 2003 ఫిబ్రవరిలో అదే హాలులో హిందుత్వ సిద్ధాంతకర్త సావర్కర్ చిత్రపటాన్ని ఆవిష్కరించినప్పుడు ప్రతిపక్షాలు బహిష్కరించడంలో, అది గాంధీ పటానికి ఎదురుగా ఉండడం కూడా పెద్ద మాటే అయింది. ఎదురు గోడ అంటే ఎంత బరువైన మాటో అప్పుడు దేశమంతా చూసింది.

భాయ్ గారు మాకు ఇచ్చిన సలహా సూటిగా ఉంది. ఐదు పటాలూ ఒకే కొలత, ఒకే బీడింగు (చట్రం చెక్క), ఒకే మౌంటు (ఫోటో చుట్టూ వేసే అట్ట అంచు) ఉండాలి. అన్నీ చదువుకునే బల్ల దగ్గర కూర్చున్న మనిషి కళ్ళకు కాస్త పైన, ఒకే గీత మీద ఉండాలి. వరుస పుట్టిన సంవత్సరాన్ని బట్టి సాగాలి. "ఒకరి చట్రం ఒక్క అంగుళం పెద్దదైనా ఊళ్ళో ఏడాది మాట్లాడుకుంటారు మాస్టారూ" అన్నారు. పుట్టిన సంవత్సరాల వరుసలో 1831లో పుట్టిన సావిత్రిబాయి మొదటి స్థానంలోకి వచ్చారు. ఆ వరుసలో ఉన్న ఏకైక స్త్రీ, 1848లో పూణేలో ఆడపిల్లల బడిలో పాఠం చెప్పిన మనిషి, తలుపు తీయగానే ముందుగా కనిపించడం మా కమిటీలో ఎవరూ ముందుగా ఆలోచించని సంగతి. దానికి మేమందరం సంతోషించాం.

అంబేద్కర్ పటం దగ్గర దుకాణం పనితనానికి నిజమైన పరీక్ష ఎదురైంది. ప్రింట్లు బయట ఒక ల్యాబులో వేయిస్తారు. అక్కడి నుంచి వచ్చిన మొదటి ప్రింటులో కోటు నీలం ఊదా రంగులోకి తిరిగిపోయింది. అంతకన్నా బాధ కలిగించినది ముఖం. ఎవరో కంప్యూటరులో ఆ ముఖాన్ని తెల్లబరచి, బుగ్గలు నున్నగా చేసి, కళ్ళద్దాల కింది ముడతలు చెరిపివేశారు. పెళ్ళి ఆల్బములకు చేసే పనిని అలవాటుగా ఈ ముఖానికీ చేసి ఉంటారు, దురుద్దేశం ఉండకపోవచ్చు. కానీ కులం పేరుతో మనిషిని దూరం పెట్టిన సమాజంలో, ఆ దూరాన్ని జీవితమంతా ఎదిరించిన మనిషి ఒంటి రంగును దిద్దడం చిన్న పొరపాటు అనిపించుకోదు. నేను నోరు తెరవకముందే భాయ్ గారు ఆ ప్రింటును పక్కన పెట్టి, "ఇది ఆయన కాదు" అని, తన ఖర్చుతోనే మళ్ళీ వేయించారు.

నీలం విషయంలో ఆయన పట్టుదల కూడా నాకు నచ్చింది. అంబేద్కర్ ఫోటోలలో అధిక భాగం నలుపు తెలుపువే. మన వాడల్లో, కూడళ్ళలో ఆ కోటుకు నీలం రంగు స్థిరపడడానికి, ఆయన 1942లో స్థాపించిన షెడ్యూల్డ్ కులాల సమాఖ్య జెండా నుంచి నేటి వరకూ నడిచి వచ్చిన ఉద్యమ చరిత్ర ఉంది. ఆ కోటుకు కూడా అర్థం ఉంది. గాంధీ 1921లో మదురైలో కొల్లాయి కట్టి పేదవాడి పక్కన నిలబడ్డారు. చొక్కా తొడుక్కుంటేనే, చెప్పులు వేసుకుంటేనే దెబ్బలు తిన్న జనం నుంచి వచ్చిన అంబేద్కర్ సూటూ టై వేసుకుని నిలబడ్డారు. బట్టలు విడవడం ఒకరికి త్యాగమైతే, బట్టలు తొడుక్కోవడం ఇంకొకరికి హక్కు. 1985 కారంచేడు, 1991 చుండూరు దళిత హత్యాకాండల తరువాత మా కోస్తా జిల్లాల ఊళ్ళలో ఆ సూటు బొమ్మ ఎందుకంత వేగంగా వెలిసిందో ఈ తేడా తెలిస్తే గానీ అర్థం కాదు. ఇప్పుడు హైదరాబాదులోనూ విజయవాడలోనూ 125 అడుగుల విగ్రహాలు నిలబడ్డాయి. ప్రభుత్వం నిలబెట్టిన ఆ విగ్రహానికీ, కూలి డబ్బులు చందాలు వేసుకుని వాడ మొగలో నిలబెట్టుకున్న మూడడుగుల సిమెంటు బొమ్మకూ ముఖం ఒకటే అయినా, నా దృష్టిలో రెండోదానికే గౌరవం ఎక్కువ.

భగత్ సింగ్ విషయంలో దుకాణంలో సిద్ధంగా ఉన్నది పసుపు తలపాగా బొమ్మ. అడిగినవాళ్ళలో చాలామంది అదే తీసుకువెళ్తారట. నాకు టోపీ ఫోటో కావాలన్నాను. 1929 ఏప్రిల్ 8న ఢిల్లీలోని కేంద్ర శాసనసభలో బాంబు వేయడానికి కొద్ది రోజుల ముందు, కశ్మీరీ గేటు దగ్గరి ఒక స్టూడియోలో ఆయన కావాలనే దిగిన ఫోటో అది. అంతకుముందే పోలీసుల కన్నుగప్పడానికి జుట్టూ గడ్డమూ తీయించుకున్న మనిషి, తాను పట్టుబడిన తరువాత పత్రికల్లో ఏ ముఖం కనిపించాలో ముందే నిర్ణయించుకున్నాడు. పసుపు తలపాగా ఆయన మరణం తరువాత చిత్రకారులు తొడిగినది. ఇప్పటికి దొరికిన నాలుగు అసలు ఫోటోలలో దేనిలోనూ అది లేదని ఆయన రచనలను సేకరించిన పండితులు చెబుతూనే ఉన్నారు. అయినా 2022లో పంజాబు ప్రభుత్వ కార్యాలయాల గోడల మీదికి ఆ తలపాగా బొమ్మే ఎక్కింది, దాని మీద వాదన కూడా జరిగింది. భాయ్ గారు రెండు బొమ్మలనూ బల్ల మీద పక్కపక్కన పరిచి చూపించారు. ఒకదానిలో ఒక మతానికి, ఒక ప్రాంతానికి చెందిన వీరుడు కనిపిస్తాడు. రెండోదానిలో ఎటూ చెందకుండా కెమెరా వైపు తిన్నగా చూస్తున్న ఇరవై ఒకటేళ్ళ కుర్రవాడు కనిపిస్తాడు. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు కూర్చునే గదికి రెండోదే తగినది.

రెండోసారి వెళ్ళినప్పుడు, ఒక కార్యాలయం వాళ్ళు తెచ్చి ఇచ్చిన పెద్ద చట్రాన్ని ఆయన విప్పుతున్నారు. వెనక అట్ట మేకులు లాగి తీస్తే, ఇప్పటి నాయకుడి ఫోటో వెనుక అంతకుముందు నాయకుడిది, దాని వెనుక ఆ ముందు ఆయనది బయటపడ్డాయి. కొత్త చట్రానికి డబ్బు ఖర్చు కాకుండా ఎప్పటికప్పుడు పైన ఇంకొకటి పెట్టి బిగించేశారు. అధికారంలో ఉన్నవాళ్ళ ఫోటో మనిషిని చూపించదు, ఆ కుర్చీ ఎవరిదో చెబుతుంది. అది గోడ దాటి మన సొంత కాగితాల మీదికి వచ్చినప్పుడు జనం నొచ్చుకుంటారు. మా రాష్ట్రంలో పట్టాదారు పాసు పుస్తకాల మీద అప్పటి ముఖ్యమంత్రి జగన్ మోహన్ రెడ్డి ఫోటో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక దాని బదులు రాజముద్ర వేయాలని నిర్ణయించారు. తాత ఇచ్చిన పొలం పుస్తకం మీద ఏ నాయకుడి ముఖమూ ఉండనక్కరలేదని నా గట్టి అభిప్రాయం. ప్రభుత్వ ప్రకటనల్లో ఎవరి ఫోటోలు ఉండవచ్చో సుప్రీంకోర్టు 2015లో రాష్ట్రపతి, ప్రధానమంత్రి, ప్రధాన న్యాయమూర్తికి పరిమితం చేసి, 2016లో ముఖ్యమంత్రులకూ గవర్నర్లకూ మంత్రులకూ సడలించింది.

ఇక ఆరవ పటం. అది పోస్టుకార్డు కన్నా కొంచెం పెద్దదైన, అంచులు పసుపెక్కిన నలుపు తెలుపు ఫోటో. తలపాగా, నల్లకోటు, చేతిలో పొన్నుకర్రతో మా ఊరి పాత మునసబు గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. కుడి అంచున, కుర్చీకి రెండడుగులు వెనకగా, మూసిన గొడుగును రెండు చేతులతో పట్టుకుని, చొక్కా లేకుండా, చూపు నేల మీద నిలిపి ఇంకొకరు నిలబడి ఉన్నారు. ఆయన దేహంలో సగమే ఫోటోలో పడింది. అమెరికాలో ఉంటున్న దాతల కుటుంబం, తాతగారిని ఛాతీ వరకే తీసి, మిగిలిన ఐదుగురి కొలతలోనే కట్టించి, అదే వరుసలో పెట్టమని సందేశం పంపింది. అందులో అసహజమేమీ లేదు. ఎవరి తాత వాళ్ళకు ముద్దు.

భాయ్ గారు ఫోటో మీద భూతద్దం పెట్టి, "ఈయనెవరు మాస్టారూ?" అని కుడి అంచు చూపించారు. "ఎవడో వెట్టివాడు అయి ఉంటాడు" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చిన తీరు నాకే వినిపించింది. కుర్చీలో ఉన్నాయనకు "గారు", నిలబడ్డాయనకు "వాడు". ఇద్దరూ నేను పుట్టకముందే పోయిన పెద్దలే. "పేరు కనుక్కుని రండి, అప్పటిదాకా దీన్ని కోయను" అని ఆయన ఫోటోను కవరులో పెట్టి తిరిగి ఇచ్చేశారు.

అడ్వాన్సుగా ఇచ్చిన ఐదు వందల నోటు ఇంకా బల్ల మీదే ఉంది. దాని మీది గాంధీ ముఖం 1946లో అప్పటి వైస్రాయి భవనంలో తీసిన ఫోటో నుంచి కత్తిరించినది. అసలు ఫోటోలో గాంధీ పక్కన, అధికార మార్పిడి చర్చలకు వచ్చిన బ్రిటిష్ మంత్రి పెథిక్ లారెన్స్ ఉన్నారు. పాలించే దేశపు మంత్రిని అంచు నుంచి తీసివేస్తే ఆ నవ్వు ఒక స్వతంత్ర దేశానిదైంది. కత్తిరించడం ఎప్పుడూ అన్యాయమని నేను అనను. కానీ మా ఫోటోలో అంచున నిలబడ్డ మనిషి చేతిలో ఉన్నది ఇంకొకరి గొడుగు. ఆయనను తీసివేస్తే, ఆ గొడుగు ఎవరు మోశారన్నది కూడా గోడ మీద నుంచి పోతుంది.

ఊళ్ళో తొంభై దాటిన ఒక పెద్దాయన ఫోటోను చూడగానే గొడుగు పట్టుకున్నాయన పేరు చెప్పారు. ఆ నిలబడ్డాయన మునిమనవరాలు రోజూ మా గ్రంథాలయానికే వచ్చి గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటుంది. స్టూడియోకు వెళ్ళి ఫోటో దిగే స్థోమత ఎరగని ఆ ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు. ఈ సంగతంతా దాతలకు రాశాను. రెండు రోజులు సమాధానం రాలేదు. మూడోరోజు ఆ ఇంటి పెద్దకొడుకు ఫోన్ చేసి, పూర్తి ఫోటోనే పెట్టమని, ఇద్దరి పేర్లూ రాయమని చెప్పారు. మునసబు, కరణాల పదవులు 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వంలోనే రద్దయ్యాయి. కనుక ఆ పటంలో ఇప్పుడు అధికారం లేదు, మా ఊరు నడిచి వచ్చిన దారి ఉంది. నాయకుల వరుసలో పెడితే మునసబు గారు కూడా నాయకుడవుతారని భాయ్ గారు చెప్పిన మీదట, శిలాఫలకం ఉన్న తలుపు పక్క గోడకు, విడిగా తగిలించాం. కింద ఇద్దరి పేర్లూ ఒకే అక్షరాల కొలతలో, ఇద్దరికీ "గారు" చేర్చి రాయించాం.

లెక్కల సంగతి చెబుతాను. 18×24 అంగుళాల ఐదు పటాలకు టేకు బీడింగు, ప్రింటుతో కలిపి ఒక్కొక్కటి 1,450 రూపాయల చొప్పున 7,250 అయింది. పాత ఫోటోను స్కాను చేసి, మరకలు తీసి, వెడల్పాటి మౌంటుతో కట్టినందుకు 2,100 తీసుకున్నారు. మూలలు నలభై ఐదు డిగ్రీల కోతలో వెంట్రుక సందు లేకుండా కలిశాయి. అద్దానికీ ప్రింటుకూ మధ్య ఖాళీ ఉంచారు కనుక వానకాలం గడిచినా ఏ ఫోటో అద్దానికి అంటుకోలేదు. వెనక అట్ట చుట్టూ కాగితం పట్టీ అంటించి పురుగు చేరకుండా చేశారు. లోపాలు లేకపోలేదు. ఆరు రోజులన్న పని పదకొండు రోజులు పట్టింది. అందులో కొంత మా వల్ల, కొంత ల్యాబు వల్ల. కిటికీకి ఎదురుగా ఉన్న అయ్యంకి వారి పటం మీద మధ్యాహ్నం వెలుతురు తళుక్కుమని ముఖం కనిపించదు. మెరుపు లేని అద్దం కూడా దొరుకుతుందని, ధర ఎక్కువైనా ముందుగానే చెప్పి ఉండవలసింది. రసీదు చేతిరాతలోనే ఇస్తారు కాబట్టి, సంస్థల తరఫున వెళ్ళేవాళ్ళు ముద్ర వేయించుకోవడం మరువకూడదు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు దుకాణం మూసి ఉంటుంది. తొందర ఉన్నవాళ్ళకు, గంటలో పటం చేతికి కావలసినవాళ్ళకు ఈ దుకాణం సరిపడదు. గోడ ఏదో, ఆ గోడ ముందు ఎవరు కూర్చుంటారో ఆలోచించి కట్టించుకోవాలనుకునే వాళ్ళకు గుంటూరులో నేను ఇంతకన్నా మంచి చోటు చూడలేదు.

ఆరు పటాలూ తెచ్చుకోవడానికి వెళ్ళిన రోజు ఆ అమ్మాయి కూడా నాతో వచ్చింది. అంచున నిలబడ్డ ముత్తాత గారి ముఖాన్ని మాత్రం విడిగా పెద్దది చేసి, వాళ్ళ ఇంటికి ఒక చిన్న పటం కట్టివ్వమని అడిగింది. ప్రింటు ఖర్చు 300 మాత్రం తీసుకున్నారు. భాయ్ గారు అలవాటు ప్రకారమే, "ఏ గోడకు తగిలిస్తావమ్మా?" అని అడిగారు. "ఇంట్లో, తూర్పు గోడకండీ, మా అమ్మమ్మ మంచానికి ఎదురుగా" అంది. ఆయన సొరుగు లాగి రెండు ఇత్తడి కొక్కేలు తీసి, చట్రం పై అంచున బిగించారు.